వనప్రియకు తగిన సొమ్ము

ఒకరికి కానుక ఇచ్చుట సులభముగా కనిపించును. చేతిలో ధనమున్న చాలును, మంచి అంగడి తెలిసిన చాలును అని పలువురి తలంపు. కాని కానుకలన్నిటిలోను నగను ఎన్నుకొనుట కష్టము. పుస్తకమును చదివి ప్రక్కన పెట్టవచ్చును. మిఠాయిని ఒక పూటలో తిని మరచిపోవచ్చును. నగ మాత్రము పుచ్చుకొన్నవారి చెవినో, మెడనో, చేతినో అంటిపెట్టుకొని యుండును. ఇచ్చినవారు తమ్ము ఎట్టివారుగా తలంచినారో అది పదిమందికి చెప్పుచుండును. అందులోను చెట్టును, పిట్టను, ఏటిని ప్రేమించువారికి నగ ఇవ్వవలసి వచ్చినప్పుడు ఈ కష్టము ఇనుమడించును. వారు దేనిని ప్రేమింతురో దానికే హాని చేసి తెచ్చిన వస్తువును వారి మెడలో వేసినచో, అది కానుక కాదు. నవ్వుచు చేసిన అవమానము.

ఈ చిక్కు నేటిది కాదు. కాళిదాస మహాకవి అభిజ్ఞాన శాకుంతలములో దీనిని మిక్కిలి నేర్పుతో చిత్రించినాడు. 1789లో సర్ విలియం జోన్సు ఆ నాటకమును ఆంగ్లములోనికి అనువదించినాడు. నాటినుండి లోకమంతయు దానిని శాపపు కథగా, ఉంగరపు కథగా చదువుచున్నది. తరగతిలోను అట్లే చెప్పుట వాడుక. కాని అదే నాటకమును సొమ్ముల కథగా చదివి చూచినచో మరియొక అందము తోచును. అడవిని ప్రాణముగా ప్రేమించిన ఒక కన్యకు రెండు దిక్కులనుండి సొమ్ములు వచ్చినవి. వనము కొన్ని ఇచ్చినది. రాజు ఒకటి ఇచ్చినాడు. వానిలో ఏది ఆమెకు తగినదో, ఏది తగనిదో, ఎందువలన తగనిదో కవి పలుచోట్ల తేటగా తెలియజెప్పినాడు.

చిగురు త్రుంచని చేతికి

నాలుగవ అంకములో శకుంతల అత్తవారింటికి బయలుదేరును. కణ్వమహర్షి తపోవనములోని చెట్లను పిలిచి, ఆమెను సాగనంపుడని కోరినాడు. ఆ సందర్భమున ఆయన ఆమెను గూర్చి మూడు సంగతులు చెప్పినాడు. మొక్కలకు నీరు పోయక ముందు ఆమె తాను నీరు త్రాగదు. సొమ్ములన్న ఇష్టమున్నను, చెట్లపై ప్రేమచేత వాని చిగురు త్రుంచదు. ఆ చెట్లు తొలిసారి పూచిన దినము ఆమెకు పండుగ.

ఈ మూడింటిలో రెండవదానిని ఉపాధ్యాయులు, విద్యార్థులు నిలిచి చూడవలెను. శకుంతల ‘ప్రియమండన’ అని కవి చెప్పినాడు. అనగా అలంకారమన్న ప్రీతి గలది. ప్రకృతిని ప్రేమించువారు సొమ్ములను రోయుదురని తలంచుట పొరపాటు. మొగ్గలోని వంపును, రెక్కలోని రంగును ఇతరులకంటె ఎక్కువగా చూచువారు అందమైన వస్తువును చూచి మొగము త్రిప్పుకొనుట ఎట్లు? శకుంతలకు సొమ్ములు కావలెను. చిగురును నొప్పించి తెచ్చిన సొమ్ము వలదు. ఇష్టము ఒకవైపు, దయ ఒకవైపు. రెంటికిని సరిపోవు వస్తువును వెదకుటయే కానుక ఇచ్చువారి పని.

నాటకములో ఆ పనిని వనమే చేసినది. శకుంతల కొరకు పూలు తెండని కణ్వుడు ఋషికుమారులను చెట్లకడకు పంపినాడు. వారు పోయి చూచునప్పటికి ఒక చెట్టు వెన్నెలవంటి తెల్లని పట్టుబట్ట ఇచ్చినది. మరియొకటి పాదములకు పూయు లత్తుకను స్రవించినది. తక్కిన చెట్లనుండి వనదేవతల చేతులు చిగుళ్ళవలె మణికట్టు వరకు వెలికివచ్చి ఆభరణములను అందించినవి. ఇవి ఎక్కడివని గౌతమి అడిగినది. కణ్వుని ప్రభావమని ఒక కుమారుడు బదులు చెప్పినాడు. అయినచో సంకల్పమాత్రమున సృష్టించినవా అని ఆమె మరల అడిగినది. కాదని చెప్పి, చెట్లు ఇచ్చిన తీరును రెండవవాడు వివరించినాడు.

కవి ఈ ప్రశ్నను ఊరక వేయించలేదు. శూన్యమునుండి పుట్టిన సొమ్ములైనచో వానికిని శకుంతలకును చుట్టరికము లేదు. ఇవి ఆమె నీరు పోసి పెంచిన చెట్లు తమంత తాము ఇచ్చినవి. కోసి తెచ్చినవి కావు, పెట్టినవి. పుట్టింటివారు ఆడుబిడ్డకు పెట్టు సారె ఇట్టిదే కదా.

అదే ఘట్టములో అంతకంటె చిన్నదైన మరియొక కానుక కలదు. చెలికత్తె అనసూయ ఈ ప్రయాణపు దినము వచ్చునని ముందే తలంచి, ఒక కొబ్బరిచిప్ప బరిణెలో పొగడపూల దండను దాచి, మామిడికొమ్మకు వ్రేలాడగట్టినది. మల్లెలు కాదు, మొల్లలు కాదు, పొగడలే ఎందులకు? చిరకాలము నిలుచుననియే. పొగడపూవు వాడి వన్నె మారినను వాసన వీడదు. తెల్లవారి చెట్టుక్రింద రాలిన పొగడపూలను ఏరుకొన్న పిల్లలందరికిని ఈ సంగతి తెలియును. పైగా ఆ పూవును కోయనక్కరలేదు, ఏరుకొనవచ్చును. ప్రకృతిని ప్రేమించువారికి కానుక ఎన్నుకొన్న తీరులో అనసూయ చూపిన తెలివి రాజుకు లేకపోయినది.

పేరు చెక్కిన ఉంగరము

రాజు ఇచ్చినది ఉంగరము. అది నాటకములో మొదట కనిపించు సందర్భము మిక్కిలి వింతగా నున్నది. మొదటి అంకములో ప్రియంవద శకుంతలను ఆటపట్టించుచు, నీవు నాకు రెండు చెట్లకు నీరు పోయు బాకీ ఉన్నావు, తీర్చి కదులుమని ఆపినది. దుష్యంతుడు శకుంతల అలసటను చూచి, ఆ బాకీ క్రింద తన ఉంగరమును ఈయబోయినాడు. దానిపై చెక్కిన పేరును చదివి చెలులు ఒకరి మొగము ఒకరు చూచుకొన్నారు. రెండు చెట్లకు పోయవలసిన నీటిని బంగారముతో తీర్చవచ్చునని ఆ రాజు తలంచినాడు! ఆ కుండలు తానెత్తి ఆ రెండు చెట్లకు నీరు పోసినచో ఆ వనములో అతనికి ఎంత మన్నన దొరకెడిదో!

తరువాత రాజధానికి మరలిపోవునప్పుడు అతడు తన పేరు చెక్కిన ఉంగరమునే శకుంతల వ్రేలికి తొడిగినాడు. దినమునకొక అక్షరము చొప్పున తన పేరును లెక్కించుమనియు, చివరి అక్షరము వచ్చునప్పటికి ఆమెను కొనిపోవువారు వత్తురనియు చెప్పినాడు. ఆ ఉంగరము వెలగలది, అందమైనది, ప్రేమతో ఇచ్చినది. దానిలో లోపము ఒక్కటే. దానిపై ఉన్నదంతయు ఇచ్చినవాని పేరు. పుచ్చుకొన్నదాని గుర్తు ఒక్కటియు లేదు. మాలినీనది లేదు, లేడిపిల్ల లేదు, ఆమె పెంచిన తీగ లేదు. చివరకు శచీతీర్థములో నీటికి మ్రొక్కుచుండగా అది ఆమె వ్రేలినుండి జారి, చేప కడుపున పడి, జాలరి చేతికి చిక్కి, ఇచ్చినవానినే చేరుకొన్నది.

ఉంగరము మరల కంటబడి జ్ఞాపకము వచ్చిన తరువాత దుష్యంతుడు ఆరవ అంకములో శకుంతల చిత్రమును వ్రాసినాడు. చిత్రము ఇంకను పూర్తి కాలేదని, వ్రాయవలసినవి కొన్ని ఉన్నవని అతడే చెప్పినాడు. ఇసుకతిన్నెలపై హంసల జంటలున్న మాలినీనది వ్రాయవలెను. లేళ్ళు పండుకొన్న కొండచరియలు వ్రాయవలెను. నారచీరలు ఆరవేసిన చెట్టును, దాని క్రింద జింక కొమ్మునకు తన కన్ను రాచుకొను ఆడులేడిని వ్రాయవలెను. ఇక ఆమెకు సొమ్ములేవి? చెవిని దిరిసెనపూవు, మెడలో తామరతూటి నూలు. తాను తొడిగిన ఉంగరము మాట అక్కడ లేదు.

దిరిసెనపూవును ఎరిగినవారికి ఈ ఎన్నికలోని సొగసు తెలియును. వేసవిలో పూచు ఆ పూవునకు రేకులకంటె కేసరములే అందము. చెక్కిలిని తాకినను తాకినట్లు తెలియని మెత్తదనము దానిది. నాటకపు ప్రస్తావనలోనే, దయగల పడతులు ఆ పూవును కర్ణాభరణముగా ధరింతురని నటి పాటలో కవి సూచించినాడు. తామరతూడు సొమ్ము మూడవ అంకములోనే కలదు. శకుంతల చేతినుండి జారిన ఆ కంకణమును రాజు కన్నులార చూచినాడు. అప్పుడు చూచినను దాని అర్థము ఆరవ అంకము వరకు అతనికి పట్టలేదు. ఎవరికి ఏ సొమ్ము తగునో తెలియుటకు అతడు ఆమెను పోగొట్టుకొనవలసి వచ్చినది.

ఏడవ అంకములో ఇద్దరును కలిసికొన్నారు. దుష్యంతుడు ఆ ఉంగరమును మరల ఆమె వ్రేలికి తొడుగబోయినాడు. తాను దానిని నమ్మననియు, ఆర్యపుత్రుడే ధరించుట మేలనియు శకుంతల చెప్పినది. మనిషిని క్షమించినది, నగను మాత్రము పుచ్చుకొనలేదు. సాహిత్యములో కానుకను తిరస్కరించిన ఘట్టములు పెక్కు కలవు గాని ఇంత మెల్లగా, ఇంత నిశ్చయముగా తిరస్కరించినది అరుదు.

ఈ కథనుండి నగ ఎన్నుకొనువారు వేసికొనవలసిన ప్రశ్నలు రెండు దొరకుచున్నవి. ఈ వస్తువు ఇచ్చినదా, త్రుంచినదా అనునది మొదటిది. దీనిలో ఎవరి గుర్తున్నది అనునది రెండవది.

త్రుంచి తెచ్చిన అందము

మొదటి ప్రశ్నను మరచినప్పుడు ఏమగునో లోకము పందొమ్మిదవ శతాబ్దిలో చూచినది. చెరువుగట్ల కనిపించు తెల్లకొంగలకు గూడు కట్టు కాలములో మాత్రము వీపుమీద దారములవంటి సన్నని ఈకలు మొలచును. ఐరోపా, అమెరికా ఖండములలో ఆ ఈకలు స్త్రీల టోపీలకు, శిరోభూషణములకు గొప్ప అలంకారమైనవి. ఎత్తుకెత్తు బంగారముకంటె ఎక్కువ వెలకు అమ్ముడుపోయిన కాలము కలదు. ఈకలు మొలచు కాలము, పిల్లలను సాకు కాలము ఒక్కటే. కనుక వేటగాండ్రు గూళ్ళకడకే పోయి తల్లులను చంపినారు. పిల్లలు గూళ్ళలో ఆకలికి చచ్చినవి. ఆ టోపీలు పెట్టుకొన్నవారిలో పక్షులన్న ముచ్చట పడువారు లేకపోలేదు. ముచ్చటయే ఆ పక్షుల పాలిటి మృత్యువైనది.

దానిని మాన్పినవారును స్త్రీలే. ఇంగ్లండులో 1889లో ఎమిలీ విలియంసన్ పక్షి ఈకలు ధరింపని స్త్రీల సంఘమును స్థాపించినది. అమెరికాలోని బోస్టనులో 1896లో హ్యారియెట్ హెమెన్‌వే, మినా హాల్ అను ఇద్దరు తమ పరిచితులైన ఇల్లాండ్రను కలిసికొని, ఈకల టోపీలు మానుడని ఒప్పించి, పక్షి సంరక్షణ సంఘమును ఏర్పరచినారు. మన దేశమునుండి అడవిపక్షుల ఈకల ఎగుమతిని 1902లో నిషేధించినారు. బ్రిటనులో ఈకల దిగుమతిని అరికట్టు చట్టము 1921లో వచ్చినది.

చైనాలో వెండి, బంగారు రేకులపై లకుముకిపిట్ట ఈకలను అతికి కిరీటములు, జడపిన్నులు చేయు కళ శతాబ్దముల తరబడి వర్ధిల్లినది. 1296లో అంగకోరును దర్శించిన చైనా యాత్రికుడు జౌ దగ్వాన్, కంబుజదేశపు సరకులలో ఈ ఈకలను పేర్కొన్నాడు. ఆ నీలము వెలిసిపోదు. నేటికిని ప్రదర్శనశాలలలో మెరయుచున్నది. కాని ఒక్కొక్క కిరీటమునకు ఎన్ని పిట్టలు కావలసెనో తలంచినచో చూచువారి సంతోషము సగమగును.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. మన ఇండ్లలో పసిపిల్లల మెడలో పులిగోరు పతకము వేయుట ఒకప్పుడు ముచ్చట. దృష్టిదోషము తగులదని నమ్మకము. ఏనుగు వెంట్రుకతో చుట్టిన ఉంగరము, దంతపు గాజులు, సముద్రపు తాబేటి చిప్పతో చేసిన దువ్వెన కూడ అట్టివే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులిగోరు అమ్ముటను, కొనుటను శిక్షార్హమైన నేరముగా చేసినది. 1986, 1991 సంవత్సరములలో వచ్చిన సవరణలు దంతపు వ్యాపారమును మూసివేసినవి. దిబ్బలు కట్టు సముద్రపు పగడపు జాతులకు 2001లో అదే చట్టము క్రింద రక్షణ కలిగినది. చట్టము సంగతి అటుండనిండు. అడవిని ప్రేమించువారి మెడలో పులిగోరు వేయుట, గోవును పూజించువారికి తోలుపెట్టె ఇచ్చుట వంటిది.

ఎర్ర పగడము సంగతి వేరు. నవరత్నములలో చేరిన ఆ పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చునది. దానిని మన దేశీయులు మిక్కిలి కోరుదురని రోమక గ్రంథకర్త ప్లినీ నాడే వ్రాసినాడు. అది రాయి కాదు, చెట్టు కాదు. సూక్ష్మప్రాణులు కట్టుకొన్న కాపురము. ఏడాదికి ఒక మిల్లీమీటరు మందమైనను పెరుగదు. చిటికెనవ్రేలంత పగడపు కొమ్మ పెరుగుటకు ఒక మనుష్యుని ఆయుర్దాయము చాలకపోవచ్చును. ఇంటిలో అమ్మమ్మనాటి పగడముల దండ ఉన్నచో దానిని మనుమరాలికి ఇచ్చుట వేరు. క్రొత్తది కొనుట వేరు. మొదటిది వారసత్వము. రెండవది సముద్రమును మరల కదలించుట.

ఇచ్చిన వస్తువులు

అయినచో ఏమి ఇవ్వవలెను? వెదకినచో తగిన వస్తువులు మన చుట్టునే కలవు.

శకుంతల పాదములకు చెట్టు స్రవించిన లత్తుక లక్కనుండి వచ్చునదే. లక్క మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు చేయు జిగురు. లక్క కొరకు కొమ్మలను కత్తిరింతురు గాని చెట్టును నరుకరు. చెట్టు బ్రతికిన కదా మరుసటి పంట వచ్చును. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న లాడ్‌బజారు లక్కగాజులకు ప్రసిద్ధము. వానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కుంపటిపై లక్కను మెత్తబరచి, వలయముగా చుట్టి, వేడి ఆరకముందే అద్దపు ముక్కలను, పూసలను పొదుగుదురు. అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగులు పూసి, బొమ్మలతోపాటు గాజులు, పూసలు కూడ చేయుదురు. అంకుడు చెట్టును నరికినను మోడు మరల చిగిర్చును. అక్కడ చెట్ల గింజలు, ఆకులు, బెరడులనుండి రంగులు తీయు పద్ధతిని పునరుద్ధరించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ గాజుల వెల స్వల్పము. విద్యార్థులు తమలో తాము చందాలు వేసికొని ఉపాధ్యాయురాలికి ఇవ్వదగిన సొమ్ము ఇది.

ముత్యమునకు హైదరాబాదు పేరుపొందిన అంగడి. పూర్వము ఒక మంచి ముత్యము కొరకు సముద్రములో మునిగి వేలకొలది చిప్పలను తెచ్చి పగులగొట్టవలసి యుండెడిది. 1893లో జపానుదేశీయుడు మికిమోటో కోకిచి చిప్పలో అర్ధగోళాకారపు ముత్యమును పెంచినాడు. 1973లో తూత్తుకుడి ప్రాంతమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మన చిప్పలలో గుండ్రని ముత్యములను పెంచినారు. పెంపుడు ముత్యమైనను ప్రాణికి బాధ లేకుండ వచ్చునది కాదు; ముత్యము తీయునప్పుడు చిప్ప చచ్చుట కలదు. కాని సముద్రపు అడుగును దోచుకొను పని తగ్గినది. ఈ సంగతి తెలిసి ఇచ్చుట, తెలిపి ఇచ్చుట మంచిది.

బంగారమునకు ప్రాణము లేదు కదా యందురు. కాని ముడిమన్నునుండి బంగారమును వేరుచేయుటకు పలు దేశములలో చిన్న గనులవారు పాదరసమును వాడుదురు. అది ఏటిలో కలిసి, చేపలలో చేరి, మనుష్యులను రోగగ్రస్తులను చేయును. దీనిని అరికట్టుటకే 2013లో మినమాటా ఒప్పందము కుదిరి 2017లో అమలులోనికి వచ్చినది. ఏటిని ప్రేమించువారికి బంగారమే ఈయదలచినచో ఇంటిలోని పాత బంగారమును కంసాలిచేత కరిగించి చేయించుట ఉత్తమము. విరిగిన కమ్మ, తెగిన గొలుసు, ఒంటి జుంకా లేని ఇల్లు అరుదు. పాత బంగారమును కరిగించి క్రొత్త నగ చేయించుట మన ఇల్లాండ్రకు తరతరములుగా తెలిసిన విద్య.

గింజల సొమ్ములును కలవు. తామరగింజలు, రుద్రాక్షలు చెట్టును నొప్పింపక వచ్చునవి. ఎరుపు నలుపుల గురివిందగింజల దండ చూచుటకు ముచ్చటైనది గాని పసిపిల్లలున్న ఇంటికి తగదు. గింజ చితికి కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము. గింజకును నగకును మరియొక చుట్టరికము కలదు. 1956లో దశాంశ తూనికల చట్టము వచ్చు వరకు కంసాలులు బంగారమును గురిగింజ ఎత్తున తూచెడివారు. రత్నములను తూచు క్యారెట్టు అను మాటయు ఒక చెట్టు గింజ పేరునుండి వచ్చినదే. బంగారపు విలువకు కొలతను చెట్టే ఇచ్చినది.

ఎవరి గుర్తు

ఇక రెండవ ప్రశ్న. ఈ విషయములో తెలుగు స్వర్ణకారుల నగలపెట్టె ఒక వృక్షశాస్త్ర గ్రంథము వంటిది. మామిడిపిందెల హారము, మొగలిరేకు, చేమంతిపూవు, చంద్రవంక, చేరుచుక్క, నాగరము, హంసబేసరి అని పేర్లు చెప్పుచుపోయినచో తోట, చెరువు, ఆకాశము కన్నులకు కట్టును. ‘కమ్మ’ అను మాటనే చూడుడు. తాటికమ్మ అన్నచో తాటి ఆకు. చెవికమ్మ అన్నచో చెవి సొమ్ము. ఒకప్పుడు తాటాకును చుట్టగా చుట్టి చెవికి పెట్టుకొనెడివారు. ఆకు పోయి బంగారము వచ్చినను పేరు మాత్రము మారలేదు.

ఈ పేర్లు పెట్టినవారు పిందెకును పండునకును భేదమెరిగినవారు. మామిడిపిందెల హారములో పిందె కొన ఏ వైపునకు వంగవలెనో, మొగలిరేకు అంచు ఎట్లు ముడుచుకొనవలెనో చెట్టును చూచినవారికే తెలియును. అంగడిలో నేడు దొరకు నగలలో పెక్కింటిపై ఒక ఆకు, ఒక పూవు ఉండును గాని అది ఏ చెట్టు ఆకో, ఏ తీగ పూవో చేసినవారును చెప్పలేరు. ప్రకృతిని ప్రేమించువారు ‘ప్రకృతి’ని ప్రేమింపరు, ఒక చెట్టును, ఒక పిట్టను, ఒక వాగును ప్రేమింతురు. శకుంతల ప్రేమించినది అడవి అను మాటను కాదు. ‘వనజ్యోత్స్న’ అని తాను పేరు పెట్టుకొన్న తీగను, గాయము మాన్పి సాకిన లేడిపిల్లను, మాలినీతీరమును ఆమె ప్రేమించినది. కనుక దుష్యంతుడు తన చిత్రములో వట్టి పూవును గాక దిరిసెనపూవునే వ్రాయదలచినాడు.

కానుక ఇచ్చువారు ముందు చేయవలసిన పని అంగడికి పోవుట కాదు; పుచ్చుకొనువారి పెరటిలోనికి ఒకసారి చూచుట. బడి ఆవరణలో కానుగ మొక్కలు నాటి, సెలవులలో కూడ వచ్చి నీరు పోసిన ఉపాధ్యాయుడు ఒకరు పదవీవిరమణ చేయుచున్నాడనుకొందము. ఆయనకు గులాబి చెక్కిన ఉంగరము ఇచ్చుటకంటె కానుగ ఆకు అచ్చువేసిన చిన్న వెండిబిళ్ళ ఇచ్చుట మేలు. కరీంనగరములో వెండిని వెంట్రుకవంటి తీగగా సాగదీసి, మెలిపెట్టి, ఆకులు, లతలు అల్లు పనివారు కలరు. ఆకును చూపినచో అటువంటిదే అల్లగల నేర్పు ఆ తీగపనిలో కలదు. వెండికి శక్తి చాలనివారికి మచిలీపట్టణము కడనున్న చిలకలపూడి కలదు; అక్కడి పూతనగలు బంగారముతో పోటీపడు పనితనము గలవి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక పాఠముగా చేయవచ్చును. పిల్లలు తమ ఇంటిలోని నగల పేర్లను అమ్మను, నాయనమ్మను అడిగి వ్రాసికొని రావలెను. వానిలో చెట్ల పేర్లెన్ని, పక్షుల పేర్లెన్ని, గ్రహతారల పేర్లెన్ని అని వేరు చేయవలెను. పేరులో ఉన్న చెట్టును ఊరిలో చూపవలెను. మొగలిరేకు అను మాట తెలిసి మొగలిపొదను చూడని పిల్లలు నేడు పెక్కుమంది కలరు. నగల పేర్లు మిగిలి చెట్లు పోయినచో ఆ నగలు ఒకనాటి తోటకు సమాధిరాళ్ళవలె మిగులును. ఇది తెలిసిన పిల్లలు పెద్దవారై ఎవరికైనను సొమ్ము కొనునప్పుడు వెలతోపాటు పుట్టుకను కూడ అడుగుదురు.

నగను ఇచ్చునప్పుడు దానితో ఒక చిన్న చీటి ఉంచుట మంచి వాడుక. ఇది దేనితో చేసినది, ఎవరు చేసినారు, ఏ చెట్టును తలంచి చేయించినది అను మూడు మాటలు చాలును. పుచ్చుకొన్నవారు దానిని నమ్మి ధరింపగలరు. శకుంతలవలె వెనుకకు ఇవ్వవలసిన పని యుండదు. శక్తి గలవారు మరియొకటి కూడ చేయవచ్చును. దుష్యంతుడు ఉంగరముతో తీర్చబోయిన బాకీ ఇంకను తీరలేదు. సొమ్ముపై ఏ చెట్టు గుర్తున్నదో ఆ చెట్టు మొక్కను ఒకచోట నాటి, వేసవిలో దానికి రెండు కుండల నీరు పోసి, ఆ సంగతియు చీటిలో వ్రాయవలెను.